ముంజేతితో చలువ చూసే మనిషి

ఆయన పోయిన సంగతి ఫోనులో తెలిసింది. వాళ్ళ ఊరు పరగోడు నుంచి ఆయన తమ్ముడు చేశాడు. "మా అన్న పోయినాడమ్మా, తెల్లారుజామున. గుండె," అన్నాడు. "ఎప్పుడు?" అని అడిగాను. తెల్లారుజామున అని అప్పుడే చెప్పాడు కదా. పాపం, ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు. నేనప్పుడు ట్యాంకు పక్కన నిలబడి గొట్టాలు శుభ్రంగా కడిగారో లేదో చూస్తున్నాను. ఫోను జేబులో పెట్టుకుని మిగిలిన మూడు గొట్టాలూ చూశాను. మధ్యాహ్నం క్యారియర్ విప్పి అన్నం తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని సాయంత్రం దాకా చూశాను. రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికి కూడా రాలేదు. లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది, అంతే.

మాది చిక్కబళ్ళాపురం ఊరి బయట, నంది కొండకు పోయే దారిలో, బీరు కాచి అక్కడికక్కడే గ్లాసుల్లో పోసి ఇచ్చే చోటు. ముందు పదో పన్నెండో బల్లలు, అద్దం వెనక స్టీలు ట్యాంకులు. శని, ఆదివారాల్లో కొండ మీద పొద్దుపొడుపు చూడటానికి బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు, దిగేటప్పుడు ఇక్కడ ఆగి మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. అప్పట్లో ఆ ట్యాంకుల బాధ్యతంతా ఆయనది. నేను పరీక్షల గదిలో పనిచేసేదాన్ని. మాది చింతామణి తాలూకా బట్లహళ్ళి. టమోటాలు పండించి పట్టుపురుగులు పెంచే ఇల్లు. సూక్ష్మజీవుల గురించి ఎమ్మెస్సీ చదివాను. ఇంట్లో ఫుడ్ కంపెనీలో ఉద్యోగమని చెప్పాను. మా నాయన దాన్ని బిస్కెట్ల కంపెనీ చేసి ఊరంతా చెప్పుకున్నాడు. నేను దిద్దలేదు.

ఆయన పుట్టింది గుడిలో వంట చేసే ఇంట్లో. అందుకని యజమాని మొదలు గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆయన 'సామి'. ఆ ఇంటి మనిషి బీరు ట్యాంకుల దగ్గరికి ఎలా వచ్చాడో పూర్తిగా నాకు తెలియదు. బెంగుళూరులో హోటలు వంట చేశాడనీ, తర్వాత ఏదో బీరు హోటలు వంటింట్లో ఉండగా అక్కడ బీరు కాచే విదేశీయుడు ఈయన ముక్కు సంగతి కనిపెట్టి ట్యాంకుల వైపు లాక్కున్నాడనీ ముక్కలు ముక్కలుగా విన్నాను. అంతకు మించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సామి బీరు తాగడు. కాచేవాడు తాగకుండా ఎలా అని కొత్తగా చేరిన ప్రతివాడూ అడుగుతాడు. నేనూ అడిగాను.

"మా ఇంట్లో ఎవురూ రుచి చూసి వంట చేయలేదమ్మా," అన్నాడు. "దేవునికి పెట్టకముందే నోట్లో వేసుకుంటే ఎంగిలి అయితాది కదా. ఉప్పు చేత్తో తెలియాల. ఉడికిందా లేదా ముక్కుతో తెలియాల. మా నాయన పప్పు ఉడుకుతాంటే వాకిట్లో కూసుని, ఉప్పు తక్కువ పడిందని చెప్పేవాడు."

"ఉప్పుకు వాసన లేదు సామీ," అన్నాను. చదువుకున్నదాన్ని కదా.

"ఉప్పుకు లేదమ్మా. ఉప్పు పడిన పప్పుకు ఉండాది."

ఆయన మీద నాకు భక్తి ఏమీ ఉండేది కాదు, చాలాసార్లు విసుగే. శుక్రవారం నేను మల్లెపూలు పెట్టుకుని వస్తే ట్యాంకుల గది గుమ్మంలోనే ఆపేసేవాడు. "పూలు బయట పెట్టి రా అమ్మా, నా ముక్కు దారి తప్పుతాది." నేను పూలు తీసి స్కూటీ అద్దానికి తగిలించి వచ్చేదాన్ని. సాయంత్రానికి వాడిపోయేవి. తలనూనె వాసన వస్తోందని మా ఎలక్ట్రీషియన్‌ను ఒకసారి తల కడుక్కుని రమ్మని పంపేశాడు.

ఇక చలువ. ముక్కుతో బతికే మనిషికి చలి శత్రువు. చల్లబడిన కొద్దీ వాసన అణిగిపోతుంది, నాలుక మొద్దుబారుతుంది. ఇది పుస్తకాల్లో కూడా ఉంది, నేను చదివాను. ఆయన చదవలేదు. గ్లాసు తీసుకుని ఎడమ ముంజేతి లోపలి వైపు, నాడి కొట్టుకునే చోట ఆనించేవాడు. కళ్ళు మూసుకుని పెదవుల్లో అయిదు లెక్కపెట్టేవాడు. "ఇంగా ఒకటిన్నర డిగ్రీ దిగాల," అనో, "తొందరపడి తెచ్చినావు, రెండు నిమిషాలు బల్ల మీద పెట్టు," అనో చెప్పేవాడు. నేను ఒక నెలరోజులు ఆయనకు తెలియకుండా వెనకాలే థర్మామీటరు పెట్టి చూశాను. ఒక్కసారి కూడా డిగ్రీకి మించి తేడా రాలేదు. నాకు ఒళ్ళు మండింది. అంత ఖరీదైన థర్మామీటరు నేను తెప్పించింది మరి.

నల్ల బీరుకు పన్నెండు డిగ్రీలు, గోధుమ బీరుకు ఏడు. ఇవి నా లెక్కలు. ఆయన మాటల్లో అయితే, "పుష్యమాసంలో పొద్దున చెంబులో నీళ్ళు ఎట్ల ఉంటాయో నల్లదానికి అంత చలువ సాలు. తెల్లదానికి ఇంగ కొంచెం." ఫ్రిజ్‌లో పెట్టి మంచు పట్టించిన గ్లాసు కంటబడితే మాత్రం, ఎవరిమీదా అరవకుండా తానే తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టేవాడు. ఆ మంచు కరిగేదాకా అక్కడే నిలబడేవాడు. అరిస్తే బాగుండేదని వడ్డించేవాళ్ళు అనుకునేవాళ్ళు.

బాగేపల్లి నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చేవాడు. మొదటిరోజే బల్ల గుద్ది సామిని పిలిపించాడు.

"సామీ, బీరు వెచ్చగ ఉండాది. ఐసు తెప్పించు."

"వెచ్చగ లేదప్పా. నీకు అలవాటు లేదు, అంతే."

"తాగితే పండ్లు జివ్వుమనాల సామీ. లేకపోతే తాగినట్లే ఉండదు."

"పండ్లు జివ్వుమనాలంటే పండ్ల డాక్టరు కాడికి పోవాల అప్పా. ఈడికి ఎందుకు వచ్చినావు?"

చుట్టూ బల్లల వాళ్ళు నవ్వారు. కాంట్రాక్టరు కూడా నవ్వక తప్పలేదు. సామి రెండు గ్లాసులు తెప్పించాడు. ఒకటి ఐసులో ముంచి తీసింది, ఒకటి తన ముంజేతి లెక్కది. "రెండూ ఒకే ట్యాంకువి. తాగొద్దు. ముక్కు పెట్టు," అన్నాడు. కాంట్రాక్టరు మొదటిదాంట్లో ముక్కు పెట్టి, "ఏమీ లేదు," అన్నాడు. రెండోదాంట్లో పెట్టి తల పైకెత్తాడు.

"అరటిపండు వేసినావా సామీ దీంట్లో?"

"నేను వేయలేదప్పా. అది దాని గుణం. మొదటిదాంట్లో కూడా ఉండాది. చలికి నోరు మూసుకోనుండాది."

కాంట్రాక్టరు ఆ తర్వాత నెల నెలా వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ముందు వాసన చూసి, ఆహా అని, తర్వాత ఐసు వేసుకుని తాగేవాడు. సామి అటు చూసేవాడు కాదు.

మా పనివాళ్ళ మధ్యాహ్నం చారు కూడా ఆయన చేతిదే. వంటమనిషి ఉన్నా, చారు మాత్రం తానే పెట్టేవాడు. కరోనా రెండోసారి వచ్చి పోయిన కొన్నాళ్ళకు, ఒకరోజు పరీక్షల గదిలో ఉండగా ఇంగువ మాడిన కంపు కొట్టింది. వంటింట్లోకి పరిగెత్తాను. సామి పొయ్యి ముందు నిలబడి ఎంతో నిదానంగా గరిటె తిప్పుతున్నాడు. గరిటెలో తిరగమోత నల్లగా బొగ్గయిపోయి ఉంది.

"సామీ, మాడిపోయింది!"

ఆయన గరిటెలోకి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "నీకు వాసన వచ్చిందా?"

"గేటు దాకా వచ్చింది సామీ."

పొయ్యి ఆపేసి స్టూలు మీద కూర్చున్నాడు. "నాకు రాలేదమ్మా. జ్వరం వచ్చి పోయినప్పుడు పోయింది. మూడు నెలలాయె, ఏదీ రాలే."

అప్పుడు అర్థమైంది. ఆ మూడు నెలలుగా ప్రతి గ్లాసూ నాకిచ్చి, "ఏం వాసన వస్తాండాది, చెప్పు," అంటుంటే నన్ను పరీక్ష చేస్తున్నాడనుకుని మార్కుల కోసం చెప్పినట్టు చెప్పాను. లవంగం, కాల్చిన రొట్టె, తడి గడ్డి. ఆయన వాటితోనే పని నడిపించాడు. యజమానికి చెప్పవద్దని నన్ను అడగలేదు. నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి నేనే ఆయన ముక్కు. పొట్టిగా రెండుసార్లు పీల్చి ముఖం పక్కకు తిప్పుకోవాలనీ, గ్లాసుకూ గ్లాసుకూ మధ్య ముక్కు కుదుటపడటానికి సొంత మోచేయి వాసన చూసుకోవాలనీ నేర్పాడు. అంతవరకూ నేను చదివిన చదువులో నా ముక్కుకు ఎవరూ పని చెప్పలేదు. నాకు ఆ పని బాగా నచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బీరు పులిసి పని ముగిసే సమయానికి అందులో ఒక్కోసారి వెన్న వాసన దాగి ఉంటుంది. అప్పుడు బయటికి తెలియదు. అలాగే చల్లబరిచేస్తే కొన్నాళ్ళకు గ్లాసులో తేలుతుంది. అది పోవాలంటే ట్యాంకును చల్లబరచకుండా ఇంకో రెండు రోజులు వదిలేయాలి, అంతే. ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్న గ్లాసుడు తీసి, వేడినీళ్ళలో అరగంట ఉంచి, చల్లార్చి వాసన చూడాలి. దీన్ని సామి 'వెచ్చ చేసి చూడటం' అనేవాడు. ప్రతి ట్యాంకుకూ తప్పదు. అది చూశాకే చల్లబరిచే మీట నొక్కాలి.

ఒక ట్యాంకును అలా చూడాల్సిన రోజునే మా అక్క కూతురికి బట్లహళ్ళిలో పేరు పెడుతున్నారు. నేను సగం రోజు రజా పెట్టాను. పదకొండింటి బస్సు తప్పితే చింతామణిలో మళ్ళీ బస్సు దొరకదు, పేరు పెట్టేటప్పటికి నేను ఉండను. సామి ఏదో సంతకం కోసం అబ్కారీ ఆఫీసుకు పోయాడు. అక్కడి నుంచి ఫోను చేశాడు.

"చూసినావా అమ్మా? చల్లబరచవచ్చునా?"

అప్పటికి పది నలభై. గ్లాసుడు తీసి ఉన్నదున్నట్టే వాసన చూశాను. బాగానే ఉంది. "బాగుండాది సామీ," అన్నాను. మీట నొక్కి, బ్యాగు తగిలించుకుని, బస్సు పట్టుకున్నాను. ఆ రోజు పాయసం రెండుసార్లు వేయించుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, యజమాని బెంగుళూరులో ఇదే వ్యాపారం చేసే పదిమందిని పిలిచాడు. సామి ముంజేతి గురించి వాళ్ళు విని ఉన్నారు. ఏ బీరు ఎంత చలువలో ఇవ్వాలో ఆయన నోటితో వినాలని వచ్చారు. ఆయన మాట వినడానికని జనం రావడం అదే మొదటిసారి. ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చాడు. పొద్దున నుంచి మూడుసార్లు ముఖం కడుక్కున్నాడు. నేను మీట నొక్కి వెళ్ళిన ఆ ట్యాంకు బీరే, ఆ రోజే తెరిచింది, ఒక్కొక్కరి ముందు మూడు గ్లాసులు. మొదటిది బాగా చల్లగా, రెండోది కొంచెం తక్కువ, మూడోది ఆయన లెక్క.

మొదటి గ్లాసు దగ్గర అందరూ బాగుందన్నారు. రెండోదాని దగ్గర ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. సామికి అది కనిపించలేదు, ఉత్సాహంగా ఉన్నాడు. "ఇప్పుడు ఈ మూడోది చూడండప్పా," అన్నాడు. "చలికి దాగిందంతా దీంట్లో బయటికి వస్తాది."

వచ్చింది. ఒకాయన గ్లాసు కింద పెట్టి, తప్పు చేసినవాడిలా నెమ్మదిగా కన్నడంలో, "బెణ్ణె వాసనె బర్తా ఇదె సార్," అన్నాడు. వెన్న. సామి గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అందులో ఆయనకు ఏ వాసనా రాదని నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు. గ్లాసు నాకు అందించాడు. నేను చూశాను. వెన్నే. నా ముఖం చూసి ఆయనకు తెలిసిపోయింది.

మంచుగడ్డలా చల్లగా పోసిచ్చి ఉంటే పదిమందిలో ఒక్కరు కూడా కనిపెట్టేవారు కాదు. ఏళ్ళ తరబడి ఆయన మొత్తుకున్న చలువ లెక్కే ఆయన్ని పట్టించింది.

"తప్పయిపోయింది అప్పా," అని వాళ్ళకు చెప్పాడు. "దీన్ని తాగొద్దండి. ఎవురికీ పోయము." గ్లాసులన్నీ తానే ఎత్తి పళ్ళెంలో పెట్టుకుని లోపలికి తెచ్చాడు. నేను వెనకాలే వెళ్ళాను. తొట్టి దగ్గర ఒక్కొక్కటీ వంపుతూ, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"వెచ్చ చేసి చూసినావా అమ్మా?"

"చూసినా సామీ."

"బాగుండెనా?"

"బాగుండె."

ఇంకో రెండు గ్లాసులు వంపాడు. "అట్లయితే నా చెయ్యే," అన్నాడు.

అది ప్రశ్న కాదు. నేను చూశానని నమ్మాడు. నేను చూసి బాగుందంటే వెన్న వాసన ఉండడానికి వీల్లేదు. ఉందంటే ఆ తర్వాత తన చేతిలోనే ఏదో చెడిపోయింది. ఏది చెడిపోయిందో కనిపెట్టడానికి ముక్కు లేదు. ఆ ట్యాంకు మొత్తం కాలువలోకి వదిలేశాడు. నెల తిరక్కుండా పని మానేశాడు. యజమాని వద్దని గట్టిగానే అన్నాడు. సామి వినలేదు. వెళ్ళేరోజు నాతో, "జలుబు చేసినప్పుడు పని పెట్టుకోవాకు అమ్మా, రజా తీసుకో," అన్నాడు. ఆయన చోటు నాకిచ్చారు. నేను తీసుకున్నాను.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఆయన పోయిన పదమూడో రోజు వైకుంఠ సమారాధనకు రమ్మని తమ్ముడు చెప్పాడు కాబట్టి బాగేపల్లిలో బస్సు మారి పరగోడు వెళ్ళాను. ఆయన భార్యను చూడటం అదే మొదలు. చిన్న మనిషి. నేనెవరో చెప్పగానే, "నువ్వేనా అమ్మా ఆయన ముక్కు," అని చెయ్యి పట్టుకుని వరండాలో కూర్చోబెట్టింది. ఇంట్లో అందరికీ నా సంగతి చెప్పాడట. వంటింట్లో తమ్ముడూ ఇంకెవరో వంట చేస్తున్నారు. అటు చూసి ఆమె అంది:

"బెంగుళూరులో ఉన్నా, చిక్కబళ్ళాపురంలో ఉన్నా, ఇంటికొస్తే వంట ఆయనదే అమ్మా. నన్ను పొయ్యి కాడికి రానిచ్చేవాడు కాదు. పని మానేసి వచ్చినాక ఒక్కనాడు కూడా పొయ్యి ముట్టలే. పండక్కి కూడా. అడిగితే, నా చెయ్యి పోయింది, నేను చేస్తే మీరు తినలేరు అనేవాడు. ముక్కు పోయిందని ఎప్పుడూ ఏడవలేదు. చెయ్యి పోయిందని ఏడ్చినాడు. ఆ చేతిని ఇట్ల తిప్పి తిప్పి చూసుకునేవాడు."

అప్పుడు చెప్పాను. అంతవరకూ చెప్పాలని అనుకోలేదు, బస్సులో కూడా అనుకోలేదు. "ఆ పొద్దు నేను వెచ్చ చేసి చూడలేదమ్మా. బస్సుకు టైమయితాదని వదిలేసినా. చూసినానని సామికి అబద్ధం చెప్పినా. ఆయన చేతి తప్పు ఏమీ లేదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. వెచ్చ చేయడమంటే ఏమిటో, ఎందుకో మొదటి నుంచి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పరీక్షల గదిలో కొత్తవాళ్ళకు చెప్పినట్టు చెప్పాను. నా గొంతు వణకలేదు. వణికితే బాగుండునని అనిపించింది. ఆమె అంతా విని, నా చెయ్యి వదిలేసింది. కోపంగా కాదు, వదిలేసింది.

"నెలనెలా నీకు ఫోను చేసేవాడు కదమ్మా," అంది.

చేసేవాడు. ఆ మాట ఇంతసేపూ ఇక్కడ రాయకుండా దాటేశాను. నెలకొకసారి, పొద్దున పదింటికి. అడిగేది ఒకటే, "ఈ పొద్దు ట్యాంకులో ఏం వాసన వస్తాండాది?" నేను చెప్పేదాన్ని. ఆయన అవతల ఊ కొట్టేవాడు, మధ్యలో ఎప్పుడైనా, "మొదట వస్తాండాదా, తర్వాత వస్తాండాదా?" అని అడిగేవాడు. పెట్టేసే ముందు ప్రతిసారీ, "నువ్వు బాగ చూస్తాండావు అమ్మా," అనేవాడు.

"చేసేవాడమ్మా," అన్నాను.

"పోయిన నెల కూడా చేసినాడు."

"చేసినాడు."

ఆమె లేచి, విస్తరి వేసిన చోటు చూపించి, కూర్చోమంది. నేను కూర్చున్నాను. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ గిన్నెల చప్పుడు ఆగింది. మరిదితో ఆమె అంటున్న మాట నాకు వినిపించింది.

"మీ అన్న చెయ్యి బాగనే ఉండెనంటప్పా."